మన కార్ఖానా నుండి పాతాళగుహ వరకు: పింగళి నాగేంద్రరావుగారి జీవితము

కార్ఖానా కూత విని మేల్కొని, ఆ కూతతోనే ఇల్లు చేరుచు బ్రదుకులు సాగించిన తెలుగు కుటుంబములు మన ఖరగ్‌పూరులో లెక్కకు మిక్కిలిగా నున్నవి. ఉత్తర సర్కారుల నుండి రైలెక్కి వచ్చి, ఇచ్చటనే స్థిరపడి, పరభాషా ప్రాంతమున తెలుగు మాటను, తెలుగు పండుగను నిలిపిన ఆ పెద్దలను మనము ఇట్టి సంచికలలో ఏటేట స్మరించుకొనుచునే యున్నాము. కాని అట్లు వచ్చినవారిలో ఒకరిని మాత్రము మన పట్టణముతో చేర్చి తలచుకొనుట అరుదు. ఆయన ఇచ్చట నున్నది సుమారు రెండేండ్లే. ఉద్యోగము చిన్నది. వయస్సు ఇరువది యేండ్లకు అటునిటు. కార్ఖానా విడిచి వెడలిన మూడు దశాబ్దములకు ఆయన పాతాళభైరవి అను చిత్రమునకు కథను, మాటలను, పాటలను కూర్చి, తెలుగు దేశమునంతను ఒక మాంత్రికుని గుహలోనికి నడిపించుకొని పోయిరి. ఆయనయే పింగళి నాగేంద్రరావుగారు.

నాగేంద్రరావుగారిని మనము సాధారణముగా హాస్యమునకు, పాటలకు, క్రొత్త మాటల సృష్టికి తలచుకొందుము. అది సహజమే. మాయాబజారులోని తస్మదీయులు అను మాటను విని నవ్వని తెలుగువాడు అరుదు. అయినను ఆయన వ్రాసిన అద్భుత కథలను వరుసగా పరిశీలించినచో ఆ నవ్వుల క్రింద ఒక చీకటి పొర కానవచ్చును. గుహలు, శాపములు, బలిపీఠములు, కోరినదెల్ల నిచ్చు మణులు, ప్రతిమలు అందు నిండియున్నవి. వీని నడుమ ఆయన మరల మరల అడిగిన ప్రశ్న యొక్కటే: అపారమైన శక్తి చేతికి చిక్కినపుడు మనుష్యుడు ఏమగును? ఈ ప్రశ్న ఆయన జీవితమున ఎట్లు పెరిగినదో చూచుటయే ఈ చిన్న వ్యాసము ఉద్దేశము.

నాగేంద్రరావుగారు 1901 డిసెంబరు 29వ తేదీన, నాటి విశాఖపట్టణ మండలములోని రాజాములో జన్మించిరి. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి మహాలక్ష్మమ్మగారు. పిమ్మట కుటుంబము కృష్ణా మండలమునకు చేరుటచే ఆయన చదువు బందరులో సాగెను. ఆ బందరు నాడు సామాన్యమైన ఊరు కాదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారలు కలసి 1910లో అచ్చట ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పియుండిరి. దొరతనపు కొలువులకు గుమాస్తాలను తయారుచేయు చదువు మనకు చాలదనియు, బుద్ధితోపాటు చేతికిని పని నేర్పవలెననియు ఆ కళాశాల సంకల్పము. అందు నాగేంద్రరావుగారు యంత్రవిద్య నభ్యసించిరి. ఇనుమును కోయుట, సానబెట్టుట, ఒక భాగమునకు మరియొక భాగమును అమర్చుట నేర్చిన చేయియే తరువాత మాటలను అమర్చినది.

ఆ విద్యయే ఆయనను మన పట్టణమునకు తెచ్చినది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే నాడు ఒక కంపెనీ సొత్తు. దాని వాటాదారులు సముద్రముల కావల నుండిరి. ఆ రైల్వేను ప్రభుత్వము తన వశము చేసికొన్నది 1944లో మాత్రమే. ఇరువదవ శతాబ్దారంభమున వాల్తేరు నుండి హౌరా వరకు గల మార్గము ఈ కంపెనీ క్రిందికి వచ్చుటచేతనే మన ప్రాంతములవారు ఇచ్చటికి గుంపులుగా రాసాగిరి. అట్లు వచ్చిన యువకులలో నాగేంద్రరావుగారొకరు. వారు ఇచ్చటి రైల్వే కార్ఖానాలో పనికి కుదిరిరి.

కంపెనీ పాలనలో అధికారము మెట్లు మెట్లుగా నుండెడిది. పై మెట్లపై దొరలు, నడుమ మెట్లపై ఆంగ్లో ఇండియనులు, అడుగున మసి బారిన చేతులతో మనవారు. ఎవరి యింటికి ఎన్ని గదులుండవలెనో, ఎవరు ఏ పెట్టెలో ప్రయాణము చేయవలెనో, అంతయు ఆ మెట్టును బట్టియే నిర్ణయమగుచుండెను. ఇట్టి చోట పనిచేయువానికి అధికారమనగా పుస్తకములలోని మాట కాదు. అది ప్రతి ఉదయము ద్వారము కడ ఎదురగు మనిషి. తనకంటె ఒక్క మెట్టు పైనున్నవాడు నిన్న ఎట్లుండెను, మెట్టెక్కిన నేడు ఎట్లున్నాడు అను విషయము కార్మికునికి తెలిసినంతగా మరెవ్వరికి తెలియును? నాగేంద్రరావుగారు కార్మికసంఘపు పనులలో పాల్గొనిరి. సుమారు రెండేండ్లు గడచిన పిమ్మట ఉద్యోగమును విడిచిరి. కొన్ని సంవత్సరములకు, 1927లో, ఈ ఖరగ్‌పూరులోనే రైల్వే కార్మికుల గొప్ప సమ్మె జరిగెను. తరువాతి కాలమున రాష్ట్రపతియైన వరాహగిరి వేంకటగిరిగారు ఆ కార్మికులకు నాయకులై నిలిచిరి. ఆ సమ్మెకు కారణమైన బాధలను నాగేంద్రరావుగారు ముందే కన్నులార చూచియున్నారని మనము నమ్మవచ్చును.

ఉద్యోగము విడిచిన యువకుడు జాతీయోద్యమమున ప్రవేశించిరి. గాంధీ మహాత్ముని పిలుపు దేశమంతట ప్రతిధ్వనించుచున్న దినములవి. అయితే ఆయన ఆయుధము కలము. వంగదేశపు ప్రసిద్ధ నాటకకర్త ద్విజేంద్రలాల్ రాయ్ రచించిన మేవాడ్ పతనము, పాషాణి అను నాటకములను ఆయన తెలుగు చేసిరి. వంగభూమిలో గడపిన కాలము వృథా కాలేదనుటకు ఈ యనువాదములే సాక్ష్యము. ఎన్నుకొన్న నాటకములను గమనింపుడు. మొదటిది ఒక వీరరాజ్యము పతనమైన చరిత్ర. రెండవది అహల్య కథ. దేవతలకు రాజైన ఇంద్రుడు, తన పదవిచేత సమస్తము తనదేయని భావించి, ఒక ముని యింట చిచ్చు పెట్టిన కథ యది. స్వర్గాధిపత్యము లభించినవానికిని తృప్తి లేకపోవుటయు, అతని తప్పునకు శిలయై పడియుండవలసి వచ్చినది అహల్య యగుటయు ఆ వృత్తాంతములోని చేదు సత్యము.

పిమ్మట ఆయన స్వయముగా నాటకములు వ్రాయసాగిరి. బందరులోని ఇండియన్ డ్రమాటిక్ కంపెనీ వారి ప్రదర్శనలతో ఆయన పేరు ఆంధ్రదేశమున వ్యాపించెను. జేబున్నీసా, వింధ్యరాణి, నా రాజు, క్షాత్రహిందు అనునవి ఆ కాలపు రచనలు. జేబున్నీసా చరిత్రకు సంబంధించిన స్త్రీ. ఔరంగజేబు చక్రవర్తి కుమార్తె, విదుషి, కవయిత్రి. ఆమె తన జీవితపు చివరి యిరువది యేండ్లను తండ్రి యాజ్ఞచే ఢిల్లీలోని సలీంగఢ్ కోటలో బందీగా గడపెను. తండ్రిని చెరలో నుంచి సింహాసన మెక్కినవాడు, కూతురిని సైతము చెరలో నుంచుటకు వెనుదీయలేదు. ఇట్టి యింటి కథను నాటకముగా వ్రాయుట సాహసమే. నాగేంద్రరావుగారి నాటకము ప్రభుత్వ నిషేధమునకు గురియైనది. అధికారమును గురించి వ్రాసిన వాని కలముపై అధికారమే చేయి వేయుట ఆయన ఆనాడే చవిచూచిరి.

నాటకరంగము క్షీణింపసాగిన పిమ్మట ఆయన దృష్టి చలనచిత్రములపై ప్రసరించెను. మొదటి ప్రయత్నములు ఆయనకు స్థిరమైన స్థానము నీయలేదు. 1948లో వింధ్యరాణి నాటకము చిత్రముగా వెలువడినను ఆశించిన ఆదరణ లభింపలేదు. అప్పటికి ఆయనకు నలువదియారు సంవత్సరములు దాటినవి. మరియొకరైనచో నిరాశతో ఊరు చేరియుందురు. ఆయన మదరాసులోనే నిలిచిరి. దర్శకులు కదిరి వెంకటరెడ్డిగారు, అనగా మనమందరము ఎరిగిన కె.వి. రెడ్డిగారు, ఆయన ప్రతిభను గుర్తించుటతో 1949లో వాహినీ వారి గుణసుందరి కథ వెలువడినది.

ఆ కథకు మూలము షేక్స్పియరు మహాకవి రచించిన లియరు రాజు నాటకము. ఒక రాజునకు మువ్వురు కుమార్తెలు. తండ్రి హృదయమును పొగడ్తలతో నింపిన పెద్దవారిరువురికి సౌఖ్యము, ఉన్న మాట పలికిన చిన్నదానికి కురూపియైన భర్త లభించును. చాలకాలము అడ్డులేని మాట చెల్లించుకొన్నవాని చెవికి పొగడ్త సత్యమువలెను, సత్యము ధిక్కారమువలెను వినబడునని ఈ కథ తెలుపుచున్నది. ఆ రాజు దుర్మార్గుడు కాడు. కుమార్తెలను ప్రేమించినవాడే. సింహాసనము ఆయన చెవిని పాడుచేసినదంతే. రాజు వ్యాధిగ్రస్తుడైనపుడు ప్రాణము నిలుపు మహేంద్రమణిని తెచ్చినవాడు ఆ కురూపి యల్లుడే. దానిని అపహరించి ఘనత తమదని చెప్పుకొన్నవారు పెద్ద యల్లుండ్రు. ఇచ్చట మణి స్వయముగా మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. ఎవని చేతిలో పడినచో వాని స్వభావమును బయటపెట్టును. ఈ భావమే రెండేండ్ల పిమ్మట పాతాళభైరవిలో సంపూర్ణరూపమును పొందినది.

నాగిరెడ్డి, చక్రపాణిగారలు నెలకొల్పిన విజయా సంస్థ పక్షమున పాతాళభైరవి 1951 మార్చి నెలలో విడుదలయ్యెను. మూలకథ మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలలోనిది. కాశీయాత్రకు పోవుచున్న మణిసిద్ధుడను యతి, తన వెంట వచ్చు గొల్లపిల్లవానికి మజిలీ మజిలీకి ఒక్కొక్క కథ చెప్పునట్లు కూర్చిన ఆ సంపుటములు ఒకప్పుడు చదువు వచ్చిన ప్రతి తెలుగింట నుండెడివి. ఆ బీజమును గైకొని నాగేంద్రరావుగారు దానికి తమ దృష్టిని జోడించిరి.

కథ మీకు తెలిసినదే. ఉజ్జయినిలో తోటరాముడను యువకుడు రాకుమారి ఇందుమతిని ప్రేమించును. తనకు సమానమైన సంపద తెచ్చినచో పిల్ల నిత్తునని రాజు పలుకును. అదే సమయమున నేపాళదేశపు మాంత్రికుడొకడు సర్వలక్షణములు గల సాహసిని వెదకుచు వచ్చును. అట్టివానిని బలి యిచ్చినచో పాతాళభైరవి ప్రత్యక్షమై, కోరినదెల్ల నిచ్చు ప్రతిమ నొసగును. ఈ మాంత్రికుని పాత్రను సామర్ల వెంకటరంగారావుగారు ధరించి చిరస్థాయి చేసిరి. ఆ పాత్రను కొంచెము ఆలోచనతో చూడుడు. అతడు సోమరి కాడు, మూర్ఖుడు కాడు. ఎన్నియో యేండ్లు సాధన చేసినవాడు, ఆకలి నిద్రలను జయించినవాడు, శాస్త్రము తెలిసినవాడు. తపస్వికి కావలసిన గుణములన్నియు అతనియందున్నవి. లేనిది ఒక్కటే: ఎదుటివాని తలకును తన తలకును ఒకే విలువ యని అతడు తలంపడు. తాను పొందదలచిన శక్తికి మూల్యమును మరియొకని మెడతో చెల్లింపజూచును. అధికారమునకై తపించువాని మొదటి పాపము ఎక్కడ పుట్టునో రచయిత మనకు ఇచ్చటనే చూపినారు.

అయితే రాముని గెలుపును సైతము రచయిత సులభముగా విడువలేదు. మొసలిరూపమున శాపమనుభవించుచున్న దివ్యాంగన వలన మాంత్రికుని పన్నాగము తెలిసికొని, సాష్టాంగము చేయు విధము చూపుమని వానినే వంచి, రాముడు వాని తల తీయును. భైరవి ప్రత్యక్షమగును. బలియైనవాడెవడో, బలి యిచ్చినవాడెవడో ఆ దేవత అడుగదు. నియమము నెరవేరినది, ప్రతిమ దొరకినది. శక్తి యొక్క స్వభావమే యది. దానికి ధర్మాధర్మ విచారణ లేదు. ఆ విచారణ చేయవలసినవాడు దానిని పట్టుకొన్నవాడు. రాముడు మేడను, సంపదను కోరి ఉజ్జయినికి మరలును. నిన్నటివరకు తోటమాలి కొడుకని త్రోసివేసిన రాజే నేడు స్వాగతము పలుకును. రాముడు మారలేదు, రాజు చూచునది మాత్రము మారినది.

చచ్చిన మాంత్రికుడు మరల లేచుట ఈ కథలోని మిక్కిలి భయంకరమైన ఘట్టము. శిష్యుడు సదాజపుడు గురువు కళేబరమును కనుగొని మూలికతో బ్రదికించును. ఒక దుష్టుని చంపినంత మాత్రమున దుష్టశక్తి చావదు. దానిని మరల బ్రదికించు శిష్యుడొకడు ఎప్పుడును సిద్ధముగా నుండును. ఇక రాజుగారి బావమరిది శూరసేనుని చూడుడు. రేలంగివారి నటనచే మనము కడుపుబ్బ నవ్వుదుము. కాని ప్రతిమను దొంగిలించి మాంత్రికుని చేతికిచ్చినవాడు ఆ అమాయకుడే. పెద్ద దుర్మార్గమునకు తలుపు తీయువారు తరచుగా పెద్ద దుర్మార్గులు కారు. మనసు నొచ్చిన చిన్నవారు, తమకేదో చిన్న లాభము కలుగునని ఆశించినవారు ఆ పని చేయుదురు. కార్ఖానాలో గాని, కచేరీలో గాని పనిచేసిన ప్రతివాడును అట్టి శూరసేనుని ఒక్కనినైన ఎరుగును.

ప్రతిమతో మాంత్రికుడు మేడను, రాకుమారిని తన గుహకు తెచ్చుకొనును. లోకములో అతనికి అసాధ్యమైనది లేదు. కాని ఇందుమతి మనస్సును మాత్రము మార్చలేకపోవును. పాతాళమును జయించినవాడు ఒక యువతి చిరునవ్వునకు యాచకుడగును. రాముని స్నేహితుడు అంజి, సదాజపుని వేషముతో చేరి, రాకుమారి మెచ్చవలెనన్నచో గడ్డము తీయుమని బోధించును. మాంత్రికుని శక్తియంతయు ఆ గడ్డములోనే యున్నది. అందముకొరకు అతడే దానిని తీయించుకొనును. అంత బలవంతుని కత్తి జయింపలేదు, సైన్యము జయింపలేదు. అతని ఆశయే అతనిని జయించినది. రాముని చేతిలో అప్పటికి ప్రతిమ లేదు. ధైర్యము, ఒక స్నేహితుని తెలివి మాత్రమే ఉన్నవి. ఈ వ్యత్యాసము రచయిత హృదయమును తెలుపుచున్నది. మాంత్రికునికి శిష్యుడే కాని స్నేహితుడు లేడు. తప్పు చేసినపుడు ఎదుట నిలిచి నవ్వగల మనిషి లేనివాడు ఎంతటి సాధకుడైనను చివరకు గడ్డమును, తలను పోగొట్టుకొనును.

ఈ చిత్రము తమిళములోను, హిందీలోను కూడ వెలువడినది. 1952లో మన దేశమున జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున తెలుగు చిత్రముగా దీనికి స్థానము లభించినది.

పాతాళభైరవి విడుదలైన 1951వ సంవత్సరమునకు మన ఖరగ్‌పూరు చరిత్రలోను ఒక విశేషము కలదు. ఊరి చెంతనున్న హిజిలీలో, దొరతనపు కాలమున, విచారణ లేకయే దేశభక్తులను నిర్బంధించు శిబిరము నుండెను. 1931 సెప్టెంబరు 16వ తేదీ రాత్రి ఆయుధములు లేని ఆ బందీలపై పహరావారు తుపాకులు కాల్చిరి. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అను ఇరువురు యువకులు ప్రాణములు విడిచిరి. రవీంద్రనాథ్ ఠాకూర్, సుభాష్ చంద్ర బోసులు ఆ ఘోరమును తీవ్రముగా ఖండించిరి. ఏ మాంత్రికుని గుహయు ఇంతకంటె చీకటి కాదు. అదే భవనమున 1951లో మన దేశపు మొదటి ఐ.ఐ.టి. ఆరంభమయ్యెను. రాయి అదే, గోడ అదే. తాళపుచెవి ఎవరి చేతిలో నున్నది, ఎందుకున్నది అను దానిని బట్టి చెరసాల విద్యాలయమైనది. కోరికల ప్రతిమను గురించి పింగళివారు చెప్పినది గోడలకును వర్తించుచున్నది.

1957లో మాయాబజారు వచ్చినది. కథను, మాటలను, పాటలను ఆయన మరల ఒకే చేతిమీద నడిపిరి. పాండవులు రాజ్యము గోల్పోయినంతనే బలరాముని యింట అభిమన్యునికి పిల్ల నిచ్చు మాట తారుమారగును. ఇచ్చట ఆయన సృష్టించిన రెండు వింత వస్తువులను గమనింపుడు. ఒకటి ప్రియదర్శిని అను పేటిక. దానిని తెరచినవారికి తమకు అత్యంత ప్రియమైనది కనబడును. రేవతీదేవికి మణిభూషణములు కనబడును. బలరామునకు దుర్యోధనుడు కనబడును. శ్రీకృష్ణునకు పాచికల శకుని కనబడి నవ్వు పుట్టించును. రెండవది సత్యపీఠము. దానిపై నిలిచినవాడు తన మనసులోని మాటనే పలుకును. శకుని యంతటివాడు దానిపై నిలిచి తన కపటమును తానే వెళ్ళగ్రక్కును. పాతాళభైరవి ప్రతిమ కోరికను తీర్చును. ఈ పేటికయు, పీఠమును కోరికను బయటపెట్టును. ఆరేండ్లలో రచయిత ఆలోచన ఒక మెట్టు పైకెక్కినది. శక్తిగలవాని గుట్టు వాని నోటనే పలికించగల పీఠమొకటి రాజసభలో నుండవలెనని ఆయన కోరిక.

1961లో వచ్చిన జగదేకవీరుని కథలో ఆయన ఈ విషయమును ఇంకొక కోణమున చూపిరి. రాజనాల ధరించిన రాజు, కథానాయకుని భార్యలపై ఆశ పడును. సి.ఎస్.ఆర్. ధరించిన మంత్రి, రాజు నోట రాకముందే ఆ యాశకు ఉపాయములు సమకూర్చును. రాజు కంటె ఆ మంత్రియే మనకు గుర్తుండును. యజమాని మనస్సులోని చెడుగును పసిగట్టి, దానికి మర్యాదగల మాట నొకటి తొడిగి ఎదుట పెట్టుటలో అతడు దిట్ట. అధికారము ఒక్కరినే చెరచదు. దాని చుట్టు చేరినవారు ముందే చెడి, దానిని తమతోపాటు క్రిందికి లాగుదురు. దీనిని కన్నీటితో చెప్పవలసిన పని లేదనియు, నవ్వుచు చెప్పినచో ఎక్కువ కాలము గుర్తుండుననియు ఆయన నమ్మిక.

మిస్సమ్మ, అప్పుచేసి పప్పుకూడు, గుండమ్మ కథ వంటి సాంఘిక చిత్రములకు వ్రాసిన పాటలు ఆయన కీర్తిని ఇనుమడింపజేసినవి. ఇంతటి పేరు వచ్చినను నాగేంద్రరావుగారి జీవితము నిరాడంబరముగానే సాగెను. ఆయన వివాహము చేసికొనలేదు. తుదివరకు రచనయే ఆయన వృత్తి. 1971 మే 6వ తేదీన ఆయన పరమపదించిరి. నేటికి అర్ధశతాబ్ది దాటినది. ఆయన సృష్టించిన మాంత్రికుడు మాత్రము టెలివిజనులోను, పిల్లల చేతి ఫోనులలోను ఇంకను నడయాడుచునే యున్నాడు.

ఈ జీవితమును మన సంచికలో వ్రాయుటకు, ఆయన మన ఊర పనిచేసిరనుట ఒక్కటే కారణము కాదు. నాకు స్వవిషయ మొకటి చెప్పవలసియున్నది. చాలకాలము క్రిందట, సెలవు కాగితములపై సంతకము చేయు అధికారము మొదటిసారి నా చేతికి వచ్చిన దినములలో, ఒక వృద్ధ కార్మికుడు కూతురి పెండ్లికి సెలవు కోరి నా బల్లముందు నిలిచెను. ఆ పూట నాకు వేరు పని యేమియు లేదు. అయినను రేపు రమ్మంటిని. మరునాడును అదే మాట చెప్పితిని. మూడవనాడు అతడు చేతులు కట్టుకొని, మరికొంచెము వంగి నిలిచినపుడు ఆ వంగుట నాకు హాయిగా తోచెను. ఆ హాయిని గుర్తించినంతనే నాకు భయము వేసినది. వెంటనే సంతకము చేసితిని. కాని అతడు ఎక్కవలసిన రైలు ముందురోజే వెడలిపోయినది. అతడు నన్ను ఒక్క మాటయు అనలేదు. ఆ రాత్రి నాకు తోటరాముడు గుర్తు రాలేదు. గుహలోని గడ్డపు మనిషి గుర్తు వచ్చెను.

మన ఉద్యోగములలో పాతాళభైరవి ప్రతిమలుండవు. ఒక సంతకము, ఒక ముద్ర, ఒక తాళపుచెవి, పక్కకు నెట్టివేయగల ఒక ఫైలు ఉండును. ఎంత చిన్నదైనను అది ఎదుటివాని పాలికి కోరిక తీర్చు ప్రతిమయే. దానిని పట్టుకొన్న దినమున మన చెంత ఒక అంజి ఉన్నాడా లేడా యని చూచుకొనుట మంచిది. మా యింట ఆ స్థానము నా భార్యది. ఆ సెలవు కాగితము సంగతి విని ఆమె అన్న మాటను ఇచ్చట వ్రాయను గాని, నేటివరకు మరువలేదు.

రాబోవు ఉత్సవములలో మన సంఘము పిల్లలకు పాతాళభైరవిని చూపినచో, మొదట ఒక్క మాట చెప్పవలెనని నా విన్నపము. ఈ కథను వ్రాసినవారు మన తాతలు నడచిన కార్ఖానా ద్వారముననే నడచిరి. ఆ మెట్ల వరుసను అడుగు నుండి చూచిరి. ఆ మాట చెప్పి దీపము లార్పుడు. తక్కినది పింగళివారే చూచుకొందురు.